సొంత డబ్బా

పేరు చూసి ఈ నెల నా గొప్పలు చెప్పుకోబోతున్నాననుకునేరు. కొంచెం అదీ ఉంది, కాదనను. కానీ ఇక్కడ డబ్బా అంటే నిజంగా డబ్బానే. నల్ల రేకుది. అద్దాల తలుపు లేదు, రంగురంగుల లైట్లు లేవు. మూడు వారాలుగా మా డైనింగ్ టేబుల్ పక్కన నేల మీద కూర్చుని మెల్లగా గుర్రుమంటోంది. ఈ నెల కాలమ్ దాని మీదే టైపు చేస్తున్నాను.

కంప్యూటర్ సైన్సులో ఇంజనీరింగ్ చేసి, పద్నాలుగేళ్లుగా ఆ కంప్యూటర్ల మీదే అన్నం తింటున్నవాడికి ఇందులో వింతేముంది అంటారేమో. వింత ఏమిటంటే, ఈ పద్నాలుగేళ్లలో నా సొంతానికి ఒక్క కంప్యూటరూ కొనలేదు. ఉద్యోగం మారినప్పుడల్లా పాత లాప్‌టాప్ ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవడమే. అద్దె ఇంట్లో సామాను సర్దుకున్నట్టు పాప ఫొటోలు, టాక్సు కాగితాలు, ఈ బ్లాగు రాతలు అన్నీ అందులోనే సర్దేసుకున్నాను. ఇల్లు ఖాళీ చేయమంటారేమో అన్న ఆలోచన ఏనాడూ రాలేదు.

2022 నవంబరులో వచ్చింది. 9వ తేదీన మెటా 11 వేల మందికి పైగా తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత రోజుకో కంపెనీ పేరు. మా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పిల్లల్ని ఆడించడానికి కిందికి దిగితే అందరి నోటా అదే మాట. మా పై అంతస్తు మిత్రుడికి ఒక ఉదయం లాప్‌టాప్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పు కొట్టానేమోనని మూడుసార్లు చూశాడట. అప్పటికే సొంత మెయిల్‌కి ఉత్తరం వచ్చేసి ఉంది. హెచ్-1బి వాళ్లకి ఉద్యోగం పోతే దేశంలో ఉండడానికి ఇచ్చే గడువు మహా అయితే 60 రోజులు. అతను ఆ లెక్క వేసుకుంటూనే మధ్యలో నాతో అన్న మాట ఒకటి నన్ను వదల్లేదు. "అన్నా, రెజ్యూమె కూడా దాంట్లోనే ఉంది."

ఆ రాత్రి నా లాప్‌టాప్ తెరిచి చూసుకున్నాను. తెలుగు ఫైళ్లు 140 పైచిలుకు. కొన్ని మీరు చదివినవి, చాలావరకు సగంలో ఆగిపోయినవి. ఆఫీసు లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవు పెడితే పని చేయదు. ఒక్కో ఫైలూ తెరిచి, కాపీ చేసి, నా మెయిల్లో డ్రాఫ్టులుగా పెట్టుకుంటూ కూర్చుంటే రెండు రాత్రులు పట్టింది. రెండో రాత్రి ఒంటిగంటకి మా ఆవిడ లేచి వచ్చి, నేను చేస్తున్న పని చూసి, "సొంతానికి ఒకటి కొనుక్కోకూడదూ?" అంది. తర్వాత తనే నాలుక్కరుచుకుని, "కానీ ఇప్పుడా?" అంది.

ఆ రెండు ప్రశ్నలూ సబబే. అందుకే బేరం కుదరడానికి వారం పట్టింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని నెలలో ఎంత ఖర్చు పెట్టవచ్చు? నేను 900 డాలర్లన్నాను. తను 400 అంది. చివరికి 600 దగ్గర ఆగాం. "టాక్సుతో కలిపా, కాకుండానా?" అని అడిగాను. "కలిపి," అంది. మా డాలస్ చుట్టుపక్కల అమ్మకం పన్ను 8.25 శాతం. అంటే వస్తువుల మీద నా చేతికి వచ్చేది 554 డాలర్లు. మానిటర్, కీబోర్డు కూడా అందులోనే రావాలి, ఎందుకంటే ఇంట్లో ఉన్న మానిటర్ కూడా ఆఫీసుదే.

నిజం చెప్పాలంటే 600 కూడా అక్కర్లేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాప్‌ని శుభ్రం చేసి 250కి అమ్ముతారు. నేను చేసే పనికి అది చాలు. మీలో ఎవరికైనా రేపటికల్లా పని చేసే కంప్యూటర్ కావాలంటే అదే కొనండి, నా మాట వినకండి. వాటిలో చిక్కల్లా, చాలావాటికి మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి. ఒకటి పోతే బజార్లో దొరికేది అందులో పట్టదు. కానీ నేను అది కొనకపోవడానికి అసలు కారణం ఇది కాదు. పద్దెనిమిదేళ్ల కిందటి ఒక ప్రశ్నకి జవాబు బాకీ ఉంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు ప్రాసెసర్. అన్నిటికీ మూలం అదే. అదేమిటో తేలితే మదర్‌బోర్డు ఏ రకమో తేలుతుంది, మదర్‌బోర్డు తేలితే ర్యామ్ ఏ రకమో తేలుతుంది. పెళ్లి ముహూర్తం లాంటిది, అది కుదిరాకే మండపం, వంటవాళ్లు. 2022 సెప్టెంబరులో ఏఎండీ వాళ్ల అప్పటి కొత్త తరం, రైజెన్ 7000, వచ్చింది. దానికి ఏఎం5 అనే కొత్త సాకెట్ కావాలి. అందులో డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరేది పట్టదు. బోర్డు ఖరీదు, ర్యామ్ ఖరీదు. నా 554 డాలర్లు ఆ మూడింటికే సరిపోతాయి. కొత్తది వచ్చిందంటే పాతది చవకవుతుంది, మనకి కావలసింది అదే. 2017లో మొదటి రైజెన్ నుంచి నడుస్తున్న ఏఎం4 సాకెట్ అప్పటికే చివరి దశలో ఉంది. అందులోకి ఇక కొత్త తరాలు రావు. కానీ నేను నాలుగైదేళ్ల దాకా ప్రాసెసర్ మార్చను కాబట్టి నాకు దాంతో ఇబ్బంది లేదు.

అందులో రెండు నా కంటికి ఆనాయి. రైజెన్ 5 5600, రైజెన్ 5 5600జి. పేర్లలో తేడా చివరి ఒక్క అక్షరమే. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు త్రెడ్లు. మొదటిది కొంచెం వేగం. రెండోదానికి లోపలే గ్రాఫిక్స్ ఉంది. మొదటిసారి కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ కొని, విడిగా కార్డు కొనకపోతే, అన్నీ బిగించి మీట నొక్కాక ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఇంటెల్‌లో అయితే పేరు చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేదని గుర్తు. 12400కి ఉంది, 12400ఎఫ్‌కి లేదు. పదీ ఇరవై డాలర్లు తక్కువని ఎఫ్ కొంటే దాని వెనకే కార్డుకి రెండొందలు.

నాకూ కార్డు మీద ఆశ లేకపోలేదు. 2021లో గ్రాఫిక్స్ కార్డులు దొరక్క, దొరికినా రెట్టింపు ధర పెట్టలేక జనం అల్లాడారు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుంది. గ్రాఫిక్స్ కార్డులతో ఆ నాణేలు తవ్వుకునే పని ఆ రోజుతో ఆగిపోయింది. ధరలు దిగాయి. 2021లో 329 డాలర్లకి విడుదలైన ఆర్‌ఎక్స్ 6600 2022 చివర్లో రెండొందల చిల్లరకి వచ్చేది. షాపులో దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. కాలేజీ రోజుల్లో పక్కవాడి గదిలో నిలబడి చూసిన ఆటలన్నీ గుర్తొచ్చాయి. తర్వాత 600 గుర్తొచ్చింది. ఉన్నచోటే పెట్టేశాను. 5600జి, 120 డాలర్లు. కార్డు ఎప్పుడైనా తర్వాత పెట్టుకోవచ్చు, బోర్డులో దాని చోటు దానికి ఉంటుంది.

మదర్‌బోర్డు బి550 రకం, చిన్న సైజుది, 100 డాలర్లు. ప్రాసెసర్‌తో కలిపి కొన్నందుకు 20 తగ్గించారు. ఇక్కడ ఒక జాగ్రత్త. బి550 బోర్డులు 5600జి కంటే ముందు వచ్చాయి. చాలాకాలం అలమారలో ఉన్న పాత సరుకైతే అందులోని బయాస్‌కి ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. రైజెన్ 5000కి సిద్ధం అని పెట్టె మీద స్టిక్కరు ఉందా అని చూసుకోవాలి, లేదా ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవు నుంచి బయాస్ మార్చుకునే మీట ఉన్న బోర్డు తీసుకోవాలి. నేను స్టిక్కరు చూశాను. అంత జాగ్రత్తగా స్టిక్కరు చూసినవాడిని ఇంకొకటి చూడలేదు. అది తర్వాత.

ర్యామ్ 16 జీబీ. 2022 చివర్లో ఒకే ముక్కగా 16 కొంటే 40 డాలర్లు, రెండు ఎనిమిదులుగా కొంటే 45 ఉండేది. అయిదు డాలర్లు మిగుల్చుకుందామనిపిస్తుంది. మిగుల్చుకోకండి. 5600జి లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమొరీ లేదు, మన ర్యామ్‌లోంచే పంచుకుంటుంది. ఒక ముక్క ఉంటే ఒకే దారి, రెండు ఉంటే రెండు దారులు. బావికి ఒక గిలక ఉన్నదానికీ రెండు ఉన్నదానికీ ఉండే తేడా.

ఎస్‌ఎస్‌డీ ఒక టీబీ, 65 డాలర్లు. పక్కనే నాలుగో తరం అని రాసినది 90కి ఉంది. దాని వేగం అంకెలు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ 5600జి దగ్గర ఉన్నది మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్. నాలుగో తరం ఎస్‌ఎస్‌డీ పెట్టినా అది మూడో తరం వేగంతోనే నడుస్తుంది. పల్లెవెలుగు రూటులో గరుడ బస్సు తిప్పినట్టు. 25 డాలర్లు మిగిలాయి. ఇవి ఎక్కడికి పోయాయో చెప్పాలంటే నల్గొండ వెళ్లాలి.

2004లో ఎంసెట్ రాసి, కౌన్సెలింగ్‌లో సీటు తెచ్చుకున్నాక నాన్న నాకు కంప్యూటర్ కొనిపెడతానన్నారు. ఆయన ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు. ప్రావిడెంట్ ఫండు నుంచి అప్పు తీసుకున్నారని నాకు చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెబితే తెలిసింది. ఇద్దరం పొద్దున బస్సెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. ఆ రోజుల్లో అసెంబుల్డ్ సిస్టమ్ అంటే అక్కడికే వెళ్లాలి. అంతస్తు అంతస్తునా అగ్గిపెట్టెల్లాంటి షాపులు, ప్రతి షాపు ముందూ ధరల కాగితాలు పట్టుకున్న కుర్రాళ్లు. నాన్న చొక్కా జేబులో డైరీ పెట్టుకుని నాలుగు షాపుల్లో ధరలు రాసుకున్నారు. పెంటియం 4, 256 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్‌డిస్కు, 17 అంగుళాల మానిటర్, అన్నీ కలిపి 28 వేలు. షాపు కుర్రాడు అరగంటలో బిగించేశాడు. అతని చేతులు ఎలా కదులుతున్నాయో చూసే తీరిక కూడా దొరకలేదు.

బిల్లు కట్టే ముందు నాన్న 500 తగ్గించమన్నారు. షాపాయన నవ్వి, "ఎస్‌ఎంపీఎస్ వేరేది వేస్తాను సార్, వాట్లు అవే," అన్నాడు. స్టిక్కరు మీద 450 వాట్లని ఉంది. నాన్న నా వైపు చూశారు. కంప్యూటర్ సైన్సు విద్యార్థిని కదా మరి. నేను తల ఊపాను. ఎస్‌ఎంపీఎస్ అంటే ఏమిటో నాకు తెలియదని ఎలా చెప్పను?

ఆటోలో ఎంజీబీఎస్‌కి, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులో నల్గొండకి. మానిటర్ పెట్టె నాన్న ఒళ్లో, సీపీయూ నా కాళ్ల మధ్య. చౌటుప్పల్ దాటాక నాన్న అడిగారు. "దీంట్ల ఏ ముక్క ఏం జేస్తదో జర చెప్పరాదు?" పిల్లలకి గుణింతం దగ్గర్నుంచి త్రికోణమితి దాకా విప్పి చెప్పిన మనిషి. తెలుసుకోవాలని నిజంగానే అడిగారు. నేను "ఇంకా చెప్పలేదు నాన్నా, సెకండియర్‌ల వస్తది," అన్నాను. సెకండియర్‌లో వచ్చింది. నేను చెప్పలేదు.

2006 వేసవి. మా వీధిలో వోల్టేజీ ఎప్పుడు ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు. ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ ఉంది, టీవీకి ఉంది. కంప్యూటర్‌కి లేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టప్‌మని చప్పుడు, వైరు కాలిన వాసన. రిపేరు షాపులో విప్పి చూసి, ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డునీ హార్డ్‌డిస్కునీ వెంట తీసుకుపోయిందన్నాడు. ఆ హార్డ్‌డిస్కులో ఫిబ్రవరిలో జరిగిన మా అక్క పెళ్లి ఫొటోలున్నాయి. మా బావమరిది వరసాయన డిజిటల్ కెమెరాతో తీసినవి. కంప్యూటర్లో వేసుకున్నాక ఆయన కార్డు ఖాళీ చేసేసుకున్నాడు. ఫొటోగ్రాఫర్ తీసిన ఆల్బమ్ ఉంది, పెళ్లి అంతా అందులో ఉంది. మా నానమ్మ పందిట్లో కూర్చుని, ఎవరో ఏదో అంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఫొటో మాత్రం అందులో లేదు. ఆ ఏడు దసరాకి నానమ్మ లేదు.

నాన్న ఒక్క మాట అనలేదు. అయిదొందల దగ్గర తల ఊపింది నేనే.

అందుకని ఆ మిగిలిన డాలర్లు ఎస్‌ఎంపీఎస్‌కి పోయాయి. షాపులో 30కి కూడా ఉన్నాయి, స్టిక్కరు మీద 500 వాట్లని. నేను 60 పెట్టి 550 వాట్లది తీసుకున్నాను. నిజానికి నా డబ్బాకి అన్ని వాట్లు అక్కర్లేదు. ప్రాసెసర్ 65 వాట్లది, మిగతావన్నీ కలుపుకున్నా 150 దాటదు. రేపు 6600 కార్డు పెట్టినా అది తినేది 132. పెట్టె మీది వాట్ల అంకె కంటే చూడాల్సినవి వేరే ఉన్నాయి. వోల్టేజీ పెరిగినా, కరెంటు ఎక్కువ లాగినా, షార్టయినా తనంతట తాను ఆగిపోయే రక్షణలు ఉన్నాయా, గ్యారంటీ ఎన్నేళ్లు, విప్పి పరీక్షించినవాళ్లు ఏమన్నారు. 80 ప్లస్ అని బంగారం, వెండి, కంచు ముద్రలుంటాయి. అవి గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడిగా వృథా కాకుండా లోపలికి చేరుతుందో చెప్తాయి, అంతే. కాలిపోయేటప్పుడు పక్కవాళ్లని తీసుకుపోతుందా లేదా అన్నది ఆ ముద్ర చెప్పదు. గ్యారంటీ అయిదేళ్లున్నది ఎంచుకున్నాను. ఇక్కడ కరెంటు నల్గొండలోలాగా ఎగిరిపడదని తెలుసు. అయినా సరే.

కేబినెట్ 50 డాలర్లు. ముందు వైపు జల్లెడలా ఉండి గాలి ఆడాలి, అంతకు మించి నాకు పట్టింపు లేదు. మానిటర్ 24 అంగుళాలది, 100. అదే రిజల్యూషన్‌తో 27 అంగుళాలది ఇంకో 30 పెడితే వచ్చేది. ఇంగ్లీషు చదివేవాళ్లకి పర్వాలేదేమో. ఉన్న చుక్కలే పెద్ద తెర మీద పరిస్తే "రాష్ట్రం" లోని వొత్తులు పళ్లు పళ్లుగా కనిపిస్తాయి. షాపులో ఉన్న మానిటర్ల మీద ఈ బ్లాగే తెరిచి చూసుకున్నాను. పక్కనున్న కుర్రాడు ఇది ఏ భాష అని అడిగాడు. చెప్పాను. గుండ్రంగా బాగుందన్నాడు.

కీబోర్డు, మౌసు కలిపి 25. నేను టైపింగ్ ఎక్కడా నేర్చుకోలేదు. మొదట్లో లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకునేవాణ్ణి. ఎనిమిదేళ్ల కిందట పట్టుబట్టి ఇన్‌స్క్రిప్టు నేర్చుకున్నాను. తెల్ల స్టిక్కర్ల మీద అక్షరాలు రాసి మీటల మీద అంటించుకుని, చూసుకుంటూ. ఇప్పటికీ ఞ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఉద్యోగం మారిన ప్రతిసారీ లాప్‌టాప్ వాపసు చేసే ముందురోజు రాత్రి గోటితో ఆ స్టిక్కర్లు గీకుతూ కూర్చోవడం నాకు ఆనవాయితీ.

థాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం డాలస్‌లో మైక్రో సెంటర్‌కి వెళ్లి అన్నీ తెచ్చాను. శనివారం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ తుడిచి, అట్టపెట్టెలు పరిచాను. ఎనిమిదేళ్ల మా పాప స్క్రూల అధికారి. ఇడ్లీ రేకు గుంటల్లో ఏ సైజు ఆ సైజు వేరుచేసి పెట్టుకుంది. ఇక్కడ చలికాలం హీటరు వేసుకున్న ఇంట్లో తివాచీ మీద సాక్సులతో నడిస్తే తలుపు గొళ్లెం ముట్టుకున్నా చురుక్కుమంటుంది. ఆ చురుకు మనకేం కాదు గానీ చిప్పుకి ప్రాణాంతకం. అందుకని వట్టి కాళ్లతో, ముక్క ముట్టుకునే ముందల్లా కేబినెట్ రేకు ముట్టుకుంటూ మొదలుపెట్టాం.

ప్రాసెసర్ పెట్టడం భయపడినంత కష్టం కాదు. ఏఎం4లో సూదులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఒక మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, సాకెట్ మీదా ఉంటుంది. రెండూ కలిపి వదిలేస్తే దానంతట అదే కూర్చుంటుంది. నొక్కాల్సి వస్తోందంటే తప్పుగా పెడుతున్నట్టు. కష్టమల్లా కూలర్‌తో. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన కూలర్ బిగించాలంటే బోర్డు మీద ముందే ఉన్న ప్లాస్టిక్ కమ్మీలు విప్పాలి. వాటిని విప్పగానే బోర్డు వెనక ఉన్న రేకు ఊడి కింద పడింది. ఏదో విరగ్గొట్టాననుకుని గుండె ఆగింది. విరగలేదు, దాన్ని వెనక నుంచి చేత్తో పట్టుకుని ఉండాలి, అంతే. పట్టుకునే పని మా ఆవిడకి పడింది. నాలుగు మరలూ ఒకేసారి బిగించకుండా, కారు చక్రానికి బిగించినట్టు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాం.

రాత్రి తొమ్మిదికి మీట నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది.

పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. 554 డాలర్లు కళ్ల ముందు తిరిగాయి. ప్రాసెసర్ వంగిందా, బోర్డు కాలిందా, స్టిక్కరు అబద్ధమా? పాపే చూసింది. "నాన్నా, ఇక్కడ చిన్న లైటు వెలుగుతోంది." బోర్డు మూలన నాలుగు బుల్లి దీపాలుంటాయి, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, డిస్కు అని. ఏది చెడితే అది వెలుగుతుంది. ర్యామ్ దగ్గర వెలుగుతోంది. కరెంటు తీసి చూస్తే ఒక ముక్క ఒక చివర సరిగ్గా కూర్చోలేదు. బోర్డు విరిగిపోతుందేమోనని మెత్తగా నొక్కాను. ఇది ప్రాసెసర్‌కి వ్యతిరేకం, ర్యామ్‌ని టక్‌మని చప్పుడయ్యేదాకా గట్టిగా నొక్కాలి. రెండు ముక్కలూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో గాడిలో, నాలుగో గాడిలో. పాప నొక్కింది. టక్.

తెర వెలిగింది. బయాస్‌లోకి వెళ్లి ర్యామ్‌ని దాని పూర్తి వేగం 3200కి మార్చాను. ఆ పని మనం చేయకపోతే కొన్న వేగం కంటే తక్కువలోనే నడుస్తూ ఉంటుంది, ఎవరూ చెప్పరు. తర్వాత ఉబుంటు. విండోస్ హోమ్ లైసెన్సు 139 డాలర్లు పెట్టే చోటు నా లెక్కలో లేదు. ఉబుంటులో తెలుగు ఇన్‌స్క్రిప్టు ఉచితంగానే వస్తుంది. ఇంటర్నెట్టుకి కనెక్ట్ అవుదామని చూస్తే వైఫై కనబడలేదు. ఎంత వెతికినా లేదు. పెట్టె తీసి చదివాను. నేను కొన్న బోర్డులో వైఫై లేదు. పేరు చివర వైఫై అని ఉన్న బోర్డు పాతిక డాలర్లు ఎక్కువ. పద్నాలుగేళ్ల అనుభవం! ఆ రాత్రికి ఫోన్ని కేబుల్‌తో తగిలించి పని కానిచ్చాను.

తొమ్మిదిన్నరకి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ ఆదివారం ఉదయం తొమ్మిది. పక్క తలుపు ఇంకా మూయలేదు, ఫోన్ లోపలికి తిప్పి చూపించాను. "ఎన్ని పైసలైనయ్‌రా?" అన్నారు ముందు. చెప్పాను. మనసులో 80తో గుణించుకుని ఊరుకున్నారు. రెండో మాటగా, "గా కరెంటు డబ్బా మంచిదే తీస్కున్నవా?" అన్నారు.

ఆయన మర్చిపోయి ఉంటారనుకున్నాను, పదహారేళ్లయింది. "మంచిదే నాన్నా, అయిదేళ్ల గ్యారంటీ," అన్నాను. అక్కడి నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్కా చూపించాను. గోడలోంచి వచ్చే కరెంటు ఇక్కడ ఎలా మారుతుందో, ప్రాసెసర్ ఎక్కడ లెక్క చేస్తుందో, చేస్తున్న లెక్క ర్యామ్‌లో ఎందుకుంటుందో, చేసి దాచుకున్నది ఎస్‌ఎస్‌డీలో ఎందుకుంటుందో. ఆయన మధ్యమధ్య ఆపి అడిగారు. "కరెంటు పోతే ర్యామ్‌లది పోతది, గా డిస్కుల్నది ఉంటది. అంతేనా?" అంతే నాన్నా. "మరి అప్పుడు డిస్కుల్నిది కూడా పోయిందెట్ల?" దానికి జవాబు ఎస్‌ఎంపీఎస్‌తో మొదలై అయిదొందల దగ్గర తేలింది. ఆ అయిదొందల సంగతి చెప్పేశాను, నాకు తెలియకుండానే తల ఊపానని. ఆయన కాసేపు ఊరుకుని, "నాకు తెల్వదా?" అన్నారు. తర్వాత పాప చేతిలో ఇడ్లీ రేకు ఎందుకుందని అడిగారు. గంటా పదినిమిషాలు మాట్లాడాం.

మర్నాడు 10 డాలర్లు పెట్టి పొడుగు నెట్‌వర్క్ కేబుల్ తెచ్చి గోడ వెంబడి పరిచాను. లెక్క ఇదీ: వస్తువులు 545, టాక్సుతో 589.96, కేబుల్ టాక్సుతో 10.83, మొత్తం 600.79. మా ఆవిడ లెక్కల పుస్తకంలో ఎర్ర సిరాతో 79 సెంట్లు బాకీ అని రాసి ఉంది. ఇంకా తీర్చలేదు.

ఇది రాసేనాటికి నా ఉద్యోగం ఉంది. జనవరిలో ఏమవుతుందో మా మేనేజరుకే తెలిసినట్టు లేదు. పై అంతస్తు మిత్రుడికి రెండు ఇంటర్వ్యూలయ్యాయి, గడువులో ఇంకా నాలుగు వారాలుంది. అతను రోజూ సాయంత్రం వచ్చి ఈ డబ్బా ముందే కూర్చుని అప్లికేషన్లు పెడుతున్నాడు. వచ్చీరాగానే కీబోర్డు మీది తెలుగు స్టిక్కర్లు చూసి కాస్త తికమకపడ్డాడు గానీ ఇప్పుడు అలవాటైంది. అవి ఈసారి గమ్ముతో అంటించాను.

మెయిల్లో పడి ఉన్న 140 ఫైళ్లూ ఇందులోకి తెచ్చుకున్నాను. డిస్కు ఒకటే ఉంది, దానికి ఏదైనా అయితే మళ్లీ నల్గొండ కథే. కాబట్టి వచ్చే నెల బ్యాకప్ గురించి. దానికి బడ్జెట్ ఇంకా మంజూరు కాలేదు.